నేటివ్ అలాట్‌మెంట్ మీంచి పోయే ట్రెయిల్ ఎవరిది? అలాస్కాలో ఉన్నోళ్ళు కాస్త చెప్పండి

యాంకరేజ్ సుబ్బు
అందరికీ నమస్తే. గ్లెనాలెన్ దాటాక హైవే మీంచి లోపలికి ఒక ఫోర్‌వీలర్ (అడవి దారుల్లో తిరిగే నాలుగు చక్రాల చిన్న బండి) ట్రెయిల్ ఉంది, చివర చెరువు, ఆ చెరువు చుట్టూ అంతా బీఎల్ఎం (ఫెడరల్ భూములు చూసే ఆఫీసు) భూమి అంటే పబ్లిక్ ల్యాండే. ఫోన్ యాప్‌లో గీత చక్కగా చెరువు దాకా కనపడుతోంది. తీరా సగం దూరం పోయాక చెట్టుకి బోర్డు, ఇది నేటివ్ అలాట్‌మెంట్, లోపలికి రావద్దు అని. గొడవెందుకని మేం వెనక్కి తిప్పేశాం కానీ మాతో వచ్చిన ఫ్రెండ్ దారంతా ఒకటే గోల, ఇది పబ్లిక్ ట్రెయిల్, ఎన్నో ఏళ్ళుగా జనం తిరుగుతున్నారు, ఆపడానికి వాళ్ళెవరు అని. నాకు ఇందులో ఏబీసీడీలు కూడా తెలీవు. చెరువుకి వేరే దారి లేదు. నిజంగా ఎవరి మాట చెల్లుతుంది?

కొండపల్లి కుర్రాడు
మీ ఫ్రెండ్ చెప్పిందే కరెక్ట్ బ్రో. వెనక పబ్లిక్ ల్యాండ్ ఉన్నప్పుడు దానికి పోయే దారి మూసే హక్కు ఎవడికీ ఉండదు. అలాస్కాలో నేటివ్ భూముల మీద పబ్లిక్ కోసం 17బీ ఈజ్‌మెంట్లు (వేరేవాళ్ళ భూమి మీంచి పోయే దారి హక్కులు) అని రిజర్వ్ చేసి పెట్టారు, గూగుల్ చేస్తే వస్తాయి. ఆ బోర్డులు చాలామంది ఊరికే పెడతారు.

లక్ష్మి ఫెయిర్‌బ్యాంక్స్
కుర్రాడు గారూ, ఆ 17బీ ఇక్కడ పనికిరాదండి. నేను టైటిల్ ఆఫీసులో పనిచేస్తా, వారానికి ఒకరైనా ఇదే పట్టుకుని వస్తారు. 17బీ అనేది 1971 ఆంక్సా చట్టం (అలాస్కా నేటివ్‌ల భూమి క్లెయిములు తేల్చిన చట్టం) కింద నేటివ్ కార్పొరేషన్లకి ఇచ్చిన భూముల మీద పెట్టింది. ఆ చట్టంతో 4.4 కోట్ల ఎకరాలు, 96 కోట్ల డాలర్ల పైచిలుకు ఇచ్చి, ప్రాంతీయ కార్పొరేషన్లు, ఊరి కార్పొరేషన్లు పెట్టించారు. సుబ్బు గారు చూసిన వైపు అయితే ఆట్నా కార్పొరేషన్. కార్పొరేషన్ భూమి అంటే ఒక రకంగా ప్రైవేట్ కంపెనీ భూమి లాంటిదే, దాన్ని రాసిచ్చేటప్పుడే వెనకున్న పబ్లిక్ ల్యాండ్‌కి పోవడానికి 25 అడుగుల ట్రెయిలో, 60 అడుగుల రోడ్డో గవర్నమెంట్ అట్టిపెట్టుకుంది.

అలాట్‌మెంట్ అలా కాదు. అది ఒక మనిషికి, ఆ మనిషి కుటుంబానికి ఇచ్చింది. చట్టం 1906 నాటిది. ఒక్కొక్కరికి 160 ఎకరాల దాకా. అది రెస్ట్రిక్టెడ్ టైటిల్, అంటే ఇంటీరియర్ డిపార్ట్‌మెంట్ తరఫున బీఐఏ (నేటివ్ వ్యవహారాలు చూసే ఫెడరల్ ఆఫీసు) ఒప్పుకోకపోతే అమ్మడానికి లేదు, ఎవరికీ దారి రాసివ్వడానికి లేదు, పన్ను కూడా వెయ్యకూడదు. 17బీ దారి కార్పొరేషన్ భూమి మీంచి వచ్చి అలాట్‌మెంట్ హద్దు దగ్గర ఆగిపోతుంది, అవతల మళ్ళీ మొదలవుతుంది. మధ్యలో ఆ ముక్కకి వేరే హక్కు ఏదైనా ఉందా అనేది విడిగా చూసుకోవాలి. మీ యాప్ వాడు అవేం చూడడు, నేల మీద టైరు గుర్తులు కనపడితే గీత గీసేస్తాడు.

టెక్సాస్ రెడ్డి
160 ఎకరాలా! మా తాత విన్నాడంటే అలాస్కాకి నడిచొచ్చేస్తాడు

లక్ష్మి ఫెయిర్‌బ్యాంక్స్
రెడ్డి గారూ నవ్వకండి, ఆ 160 ఎకరాలు అందుకోవడానికే వాళ్ళకి దశాబ్దాలు పట్టింది. 1906లో చట్టం వచ్చినా ఊళ్ళలో దాని గురించి చెప్పిన నాథుడు లేడు. 1960ల దాకా ఇచ్చినవి చాలా తక్కువ. 1956లో సవరణ చేసి కనీసం అయిదేళ్ళు ఆ భూమిని వాడుతున్నట్టు రుజువు అడిగారు. తర్వాత ఆంక్సా వస్తోంది, అది వస్తే ఈ చట్టం రద్దయిపోతుంది అని తెలిశాక 1970, 71లో లీగల్ సర్వీసెస్ వాళ్ళు, బీఐఏ మనుషులు ఊరూరా తిరిగి ఫారాలు నింపించారు. 1971 డిసెంబర్ 18న తలుపు మూసేశారు. అప్పటికి పడిన అప్లికేషన్లు దాదాపు పదివేలు. ఫైళ్ళు అలా గుట్టపడి ఉన్నాయి, ఇంకో పక్క 1959లో రాష్ట్రం అయిన అలాస్కా తన వాటా 10 కోట్ల ఎకరాల పైన ఏరుకుంటోంది. దాంతో ఫలానా ముసలమ్మ చేపల క్యాంపు ఉన్న చోటు ఆవిడ ఫైలు తేలకముందే రాష్ట్రం పేర రాసిచ్చేశారు. తర్వాత దాని మీంచి ట్రెయిల్ వేశారు, గ్రావెల్ తవ్వారు, కొన్నిచోట్ల ప్లాట్లు కూడా వేశారు. మీరు ఇప్పుడు చూస్తున్న గొడవల్లో చాలా వాటికి మూలం ఇదే.

సర్వే శంకర్
లక్ష్మక్క చెప్పింది నిజం, ఇంకోటి కలుపుత. నేను ఇక్కడ కొన్నేండ్లు సర్వే క్రూల పనిచేసిన. ఆ 70, 71 అప్లికేషన్లల్ల భూమి యాడుందో ఎట్ల రాసిన్రనుకుంటున్నరు? ఒక్క అంగుళానికి ఒక మైలు ఉండే మ్యాపు మీద పెన్సిల్‌తోని ఒక డబ్బా గీసిన్రు, గంతే. ఆఫీసుల కూసున్నోడు గీసిండు, భూమి గలామె మ్యాపు ఎన్నడు సూడలే. ఆమె చెప్పిన వాగు ఒకటి, ఆయన గీసిన వాగు ఒకటి. మేము హెలికాప్టర్ల దిగి సూస్తే అక్కడ ఏం లేదు, ఉత్త బురద, ఆమె చేపలు ఎండబెట్టే కట్టెలు ఇంకో వంక అవతల ఉన్నయి. 1980ల ఆనిల్కా అని అలాస్కా భూముల మీద ఇంకో ఫెడరల్ చట్టం వచ్చింది, దాంట్ల 905 సెక్షన్ పెట్టి, గిట్ల తప్పు పడ్డయి సరిచేసుకోనిచ్చిన్రు. సరిచేస్తే ఏమైతది, డబ్బా జరుగుతది, జరిగి పోయి రాష్ట్రం భూమి మీదనో, ఎవలన్న తిరుగుతున్న దారి మీదనో పడతది.

అదే సెక్షన్ల ఇంకో ముచ్చట ఉంది. పెండింగు అప్లికేషన్లు చట్టం వచ్చిన 180 రోజులకు వాటంతటవే పాస్ అయినట్టే అన్నరు, కానీ ఆ లోపల రాష్ట్రం లేసి ఈ భూమి మీదికెల్లి పబ్లిక్ భూమికి దారుంది, లేకుంటే పడవలు తిరిగే నీళ్ళకు దారుంది అని ఆధారాలతో అభ్యంతరం పెడితే ఆ ఫైలు పక్కకు తీసి మామూలు విచారణకు పంపాలె. గట్ల పక్కకు పోయిన ఫైళ్ళు ఏండ్లకేండ్లు నడిచినయి.

కొండపల్లి కుర్రాడు
సరే 17బీ వదిలెయ్యండి. ఆర్ఎస్ 2477 సంగతేంటి మరి? 1866 నాటి చట్టం, ఫెడరల్ భూమి మీద జనం నడిచి దారి పడితే అదే హైవే కింద లెక్క, ఏ కాగితం అక్కర్లేదు. గోల్డ్ రష్ రోజుల్లో గని వాళ్ళు కుక్కల బళ్ళతో తిరిగిన దారులు అవన్నీ. అలాట్‌మెంట్ పుట్టకముందే ఆ దారి ఉంది కదా. ముందొచ్చిన హక్కు ముందు. నేను నేటివ్స్‌కి వ్యతిరేకం కాదు, కానీ రాష్ట్రంలో ఉన్న జనానికి చేపలు పట్టుకునే, వేటాడుకునే చోటుకి దారి మూసేస్తుంటే అది కూడా అన్యాయమే కదా, వాళ్ళంతా కోటీశ్వరులు కారు, ఫ్రీజర్ నింపుకోడానికి పోయేవాళ్ళే ఎక్కువ.

లక్ష్మి ఫెయిర్‌బ్యాంక్స్
ఇప్పుడు అసలు ప్రశ్నకి వచ్చారు. ముందొచ్చింది ముందు, ఒప్పుకుంటా. కానీ అలాట్‌మెంట్ ఎప్పుడు పుట్టింది? మీరు అలాట్‌మెంట్ సర్టిఫికెట్ తేదీ చూస్తున్నారు, 1995 అనో 2004 అనో ఉంటుంది. ఇంటీరియర్ వాళ్ళ అప్పీల్ బోర్డు, కోర్టులు చూసేది అది కాదు. ఆ మనిషి ఆ భూమిని సొంతంగా వాడటం ఎప్పుడు మొదలుపెట్టిందో ఆ రోజుకి హక్కు వెనక్కి పోతుంది. ఆవిడ 1950లో క్యాంపు పెట్టి ఉంటే, 1961లో హైవే డిపార్ట్‌మెంట్ తెచ్చుకున్న గ్రావెల్ పర్మిట్ ఆవిడ తర్వాతదే, సర్టిఫికెట్ ఎప్పుడొచ్చినా సరే. అలాగని తాత ముత్తాతల వాడకాన్ని కలుపుకోవడానికి లేదు, అప్లై చేసిన మనిషి సొంత వాడకమే లెక్క, దాన్ని కూడా కోర్టులు తేల్చి చెప్పాయి. టాంగాస్ అడవి వైపు చాలామందికి దీనివల్లే రాలేదు. అక్కడ వాళ్ళు పుట్టకముందే నేషనల్ ఫారెస్ట్ చేసేశారు మరి.

ఆర్ఎస్ 2477 కూడా తేదీ గోలే. 1976లో ఆ చట్టం రద్దయింది, అలాస్కాలో అయితే 60ల చివర్లో ల్యాండ్ ఫ్రీజ్‌తోనే (ఫెడరల్ భూములు ఎవరికీ ఇవ్వకుండా ఆపేశారు) కొత్తవి పుట్టడం ఆగిపోయింది. కాబట్టి మీ దారి అంతకుముందే ఉందని, పైగా ఆ కుటుంబం కంటే ముందే ఉందని చూపించాలి. గని వాళ్ళు 1900లో తిరిగారు సరే, ఇవాళ ఫోర్‌వీలర్లు తిరిగే గీతా అదీ ఒకటేనా?

ఇంకా తమాషా ఏంటంటే ఇది కోర్టులో తేల్చుకుందాం అంటే తలుపే తెరుచుకోదు. ఫెడరల్ గవర్నమెంట్ మీద భూమి హక్కు కేసు వేయడానికి క్వయట్ టైటిల్ యాక్ట్ అని 1972 చట్టం ఉంది, అందులోనే రెస్ట్రిక్టెడ్ ఇండియన్ ల్యాండ్స్‌కి ఇది వర్తించదు అని ఉంది. 90ల్లో రాష్ట్రం వేసిన కేసుల్ని నైన్త్ సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీల్ కోర్టు అలాగే పంపేసింది. తర్వాత చికెన్ అనే ఊరి దగ్గర (పేరు నిజంగా అదే) పాత గని దారుల మీద మళ్ళీ కేసు, 2016లో మళ్ళీ అదే మాట. కాకపోతే ఒక కిటికీ వదిలారు, 1901 నాటి చట్టం ప్రకారం అలాట్‌మెంట్‌లో కొంత ముక్కని ప్రజావసరానికి కండెమ్ చేసి తీసుకోవచ్చు, ఆ క్లెయిమ్ నడవచ్చు అన్నారు. అలా తీసుకుంటే పరిహారం కట్టాలి. రాష్ట్రానికి ఇది మింగుడు పడదు, ఎందుకంటే వాళ్ళ వాదన ప్రకారం దారి ఇప్పటికే వాళ్ళదాయె, తమదానికి తామే డబ్బు కట్టడమేంటి అని.

పాడేరు నానాజీ
బాబూ నేను పాడేరు దగ్గర టీచర్ని, అమెరికా ఎప్పుడూ రాలేదు కానీ ఇదంతా చదువుతుంటే మా ఏజెన్సీ కథే అనిపిస్తంది. మాకు 1/70 ఉంది కదా, గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి బదలాయిస్తే చెల్లదు. అటవీ హక్కుల చట్టం కింద ఇచ్చే పట్టా కూడా అంతే, పిల్లలకి వస్తది గానీ అమ్మకూడదు. అక్కడా తేదీయే, 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్నట్టు చూపించాలి. పోడు కొట్టినోడి దగ్గర కాగితం ఎక్కడుంటది, ముసలోళ్ళ చేత చెప్పించడమే. అక్కడ కూడా సాక్ష్యాలు అలాగే తీసుకుంటారా? ఆఫీసర్లు వచ్చి చూసి "ఇక్కడ ఎవరూ ఉన్నట్టు లేదే" అని రాసేస్తే?

సర్వే శంకర్
నానాజీ సారు, మంచిగ అడిగిన్రు. గదే జరిగింది. బీఎల్ఎం నుంచి ఎగ్జామినర్ వచ్చి గుడిసె ఉన్నదా, నరికిన మొద్దులు ఉన్నయా, టెంటు కట్టెలు ఉన్నయా అని సూస్తడు. పండ్లు ఏరుకునేటోళ్ళు ఏం గుర్తు పెడ్తరు చెప్పున్రి. రూల్సుల సీజన్ల వారీగ వాడుకునుడు కూడ వాడకమే అని రాసుంది, కానీ ఇతరుల్ని ఆపగలిగేంత వాడకం ఉండాలె అని కూడ ఉంది. కొంతమంది అప్లికేషన్లు ఊరికే కొట్టేస్తే పెన్స్ వర్సెస్ క్లెప్పీ అని 1976 కేసుల కోర్టు అన్నది, వాళ్ళ మాట వినకుండ కొట్టెయ్యరాదు, నోటి సాక్ష్యం చెప్పుకునే మోకా ఇయ్యాలె అని. దాని తర్వాత ముసలోళ్ళు వచ్చి జడ్జి ముందట చెప్పుకున్నరు. చానమంది ఆ లోపల్నే చచ్చిపోయిన్రు, పిల్లలు నడిపిన్రు కేసులు.

లక్ష్మి ఫెయిర్‌బ్యాంక్స్
ఒక తేడా ఉంది నానాజీ గారూ. మీ దగ్గర షెడ్యూల్డ్ ఏరియా అని ఒక ప్రాంతం మొత్తానికీ రక్షణ ఉంది, సమత తీర్పు తర్వాత గవర్నమెంట్ కూడా ప్రైవేట్ మైనింగ్ కంపెనీలకి లీజు ఇవ్వకూడదన్నారు. ఇక్కడ ఆంక్సాతో రిజర్వేషన్లు (నేటివ్ తెగల కోసం కేటాయించిన ప్రాంతాలు) రద్దు చేసేశారు, మెట్లకట్లా ఒక్కటి మిగిలింది. కాబట్టి అలాట్‌మెంట్ అంటే చుట్టూ రాష్ట్రం భూమి, కార్పొరేషన్ భూమి, పార్కు, మధ్యలో ఒక కుటుంబం ముక్క. అందుకే ఇన్ని రాపిడులు.

విస్కాన్సిన్ వాసు
ఇది అలాస్కా ఒక్కటే కాదండోయ్. మా రాష్ట్రంలో లాక్ డు ఫ్లాంబో రిజర్వేషన్‌లో 2023 జనవరి ఆఖర్లో నాలుగు రోడ్లకి బారికేడ్లు పెట్టేశారు. ఆ రోడ్ల మీంచి పోయే దారి హక్కు యాభై ఏళ్ళకి రాసుకున్నారు, గడువు అయిపోయి పదేళ్ళు దాటినా కొత్తది రాసుకోలేదు. అవతల ఇళ్ళు కొనుక్కున్నవాళ్ళు మంచులో ఇరుక్కుపోయారు పాపం. తర్వాత టౌన్ డబ్బు కట్టి తాత్కాలిక పర్మిట్లు తీసుకుంటే బారికేడ్లు తీశారు. ఆ మే నెలలో ఫెడరల్ గవర్నమెంట్ టౌన్ మీదే ట్రెస్‌పాస్ (అనుమతి లేకుండా చొరబడటం) కేసు వేసింది. నా ఫ్రెండ్ ఒకడు అక్కడ లేక్ హౌస్ కొనాలని తిరిగాడు, టైటిల్ కాగితాల్లో రోడ్డు గురించి ఎవరూ చదవరు, ఇల్లు చూసి మురిసిపోతారంతే.

కొండపల్లి కుర్రాడు
సరే అక్కా, కోర్టు లేదు, 17బీ లేదు, ఆర్ఎస్ 2477 తేలదు. మరి ఇన్నేళ్ళలో ఏ ఒక్క గొడవా తీరలేదా? తీరినవి ఎలా తీరాయి?

లక్ష్మి ఫెయిర్‌బ్యాంక్స్
చాలా తీరాయి, పేపర్లో రావు అంతే. 1979లో అగ్విలార్ కేసు అని వచ్చింది. నేటివ్ క్లెయిమ్ ఉన్న భూమిని పొరపాటున రాష్ట్రానికి రాసిచ్చాం, ఇక మా చేతిలో లేదు అని బీఎల్ఎం చేతులు దులుపుకుంటే కుదరదు, క్లెయిమ్ విచారించాలి, నిజమని తేలితే ఆ టైటిల్ వెనక్కి తేవాల్సిన బాధ్యత ఫెడరల్ గవర్నమెంట్‌దే అని. ఊరికే కేసులు వేసుకుంటే పోయే ఖర్చు ఎంతో రెండు వైపులా తెలుసు. దాంతో రాష్ట్రం తానే భూమి తిరిగి రాసిచ్చేస్తుంది, ఇచ్చేముందు నోటీసు వేస్తుంది, జనం దగ్గర అభ్యంతరాలు తీసుకుంటుంది, అక్కడ తిరిగే ట్రెయిల్ ఏదైనా ఉంటే దాని కేంద్రగీత, వెడల్పు, ఏ బండ్లు పోవచ్చు అన్నీ రాసి ఆ హక్కు మాత్రం అట్టిపెడుతుంది. తర్వాత బీఎల్ఎం ఇచ్చే సర్టిఫికెట్‌లో కూడా ఫలానా ట్రెయిల్ మీద జనం తిరిగే హక్కుకి లోబడి అని ఒక లైను ఉంటుంది. కుటుంబానికి భూమి వస్తుంది, జనానికి 25 అడుగులు ఉంటుంది. కట్మాయ్ పార్కులో ఎలుగుబంట్లు చేపలు పట్టే బ్రూక్స్ నది ఒడ్డున ఉన్న క్లెయిమ్ కూడా చివరికి ఒప్పందంతోనే తేలింది.

కాబట్టి సుబ్బు గారూ, మీ ఫ్రెండు, బోర్డు పెట్టినాయన ఇద్దరి మాటా పక్కన పెట్టి ఆ సర్టిఫికెట్ కాపీ తియ్యండి. బీఎల్ఎం పబ్లిక్ రూమ్‌లో అడిగితే ఇస్తారు, ఆన్‌లైన్‌లో కూడా కేసు ఫైలు నంబరుతో దొరుకుతుంది. రికార్డర్ ఆఫీసులో (మన రిజిస్ట్రేషన్ ఆఫీసు లాంటిది) కూడా చూడండి.

టెక్సాస్ రెడ్డి
ఇప్పుడు కూడా కొత్తగా ఇస్తున్నారా ఈ అలాట్‌మెంట్లు? సీరియస్‌గానే అడుగుతున్నా

లక్ష్మి ఫెయిర్‌బ్యాంక్స్
వియత్నాం యుద్ధంలో ఉండి 1971 గడువు మిస్సయిన నేటివ్ సైనికులకి ఇచ్చారు. 1998లో ఒకసారి, షరతులు ఎక్కువై చాలామందికి రాలేదు. 2019 డింగెల్ యాక్ట్‌తో మళ్ళీ తెరిచారు. 1964 ఆగస్టు 5 నుంచి 1971 డిసెంబర్ 31 మధ్య సర్వీసులో ఉంటే చాలు, వాడకం రుజువు అక్కర్లేదు. దరఖాస్తులు 2020 డిసెంబర్ నుంచి అయిదేళ్ళ గడువుతో మొదలయ్యాయి. బాధేంటంటే వాళ్ళ ఊళ్ళ చుట్టూ ఖాళీ ఫెడరల్ భూమి ఏదీ? అంతా రాష్ట్రానికో, కార్పొరేషన్‌కో, వైల్డ్‌లైఫ్ రెఫ్యూజ్‌కో (వన్యప్రాణుల రక్షిత ప్రాంతం) పోయింది. ఆ రెఫ్యూజ్‌లలో ఇవ్వరు. 2022లో 2.7 కోట్ల ఎకరాలు ఎంచుకోవడానికి తెరిచారు గానీ డెబ్బై దాటిన పెద్దాయన తనకి ఏ సంబంధమూ లేని దూరపు లోయలో భూమి ఎంచుకుని ఏం చేసుకుంటాడు. నాకు ఇందులో ఇదే అన్నిటికంటే అన్యాయంగా అనిపిస్తుంది, ట్రెయిల్ గొడవలు దీని ముందు చిన్నవి.

మోడరేటర్
ఎవరూ అలాట్‌మెంట్ యజమానుల పేర్లు, ఫైలు నంబర్లు ఇక్కడ పెట్టకండి. ఒక పోస్టు తీసేశాం. చర్చ బాగుంది, కంటిన్యూ.

యాంకరేజ్ సుబ్బు
సర్టిఫికెట్ తీశాను! లక్ష్మి గారు చెప్పినట్టే అందులో లైను ఉంది, 25 అడుగులు మించని ట్రెయిల్ మీద జనం పోవచ్చు అని. మా ఫ్రెండ్ ఎగిరి గంతేశాడు. కానీ సర్వే మ్యాపు పక్కన పెట్టి చూస్తే కథ వేరేలా ఉంది. రాసుకున్న ట్రెయిల్ పడమర పక్క నుంచి పోతోంది, మేం పోయింది తూర్పు పక్క. బోర్డు ఉన్నది తూర్పు పక్కే. అంటే ఆయన సరైన దారి మూయలేదు, తప్పు దారి మూశాడు. మరి అందరూ తూర్పు నుంచి ఎందుకు పోతున్నారు?

సర్వే శంకర్
బురద తమ్మీ. ఎండాకాలం మంచు కరిగి పడమర గీత మీద నేల మెత్తగైతది, ఫోర్‌వీలర్లు దిగబడతయి, ఒకడు పక్కకెల్లి పోతడు, ఎనకొచ్చేటోడు ఇంకింత పక్కకెల్లి. కొన్నేండ్లకు జడ తీరు పాయలు పాయలైతది. అసలు ట్రెయిల్ గడ్డి మొలిచి మాయమైతది, కొత్తది ఎవలదో భూమి నడుమకెల్లి పడతది. ఆ ఇంటోళ్ళు చేసింది కరెక్టే, మీ 25 అడుగులు మీకున్నయి కదా.

కొండపల్లి కుర్రాడు
కానీ ఆ 25 అడుగుల్లో బురదలో దిగబడిపోతే హక్కు ఉండి ఏం లాభం? ట్రెయిల్ మార్చమని అడగొచ్చుగా?

లక్ష్మి ఫెయిర్‌బ్యాంక్స్
అడగొచ్చు, కానీ గీత జరపడం అంటే కొత్త దారి హక్కు రాసుకోవడమే. అసలు యజమాని పోయి ఉంటే వారసులు చాలామంది ఉంటారు, వాటాల్లో సగానికి పైన ఉన్నవాళ్ళు ఒప్పుకోవాలి, బీఐఏ సంతకం పెట్టాలి, వాళ్ళకి పరిహారం కట్టాలి. కొన్ని ప్రాంతాల్లో ఈ భూమి కాగితాల పని ట్రైబల్ సంస్థలే కాంట్రాక్టు మీద చూస్తాయి, ముందు వాళ్ళ దగ్గరికి పోవడం మంచిది. ఇలాంటివి ఒక్క ఫిషింగ్ గ్రూపు అడిగితే కదలవు, ట్రెయిల్ బాగుచేసే బాధ్యత ఉన్న ఏజెన్సీ ముందుకు రావాలి. పాత గీత మీదే కంకరో, ప్లాస్టిక్ గ్రిడ్డో పరిచి గట్టిచేయడం చాలాసార్లు చౌక, కొత్త దారి హక్కు రాసుకోవాల్సిన పని ఉండదు, హద్దు దాటనంత వరకు.

ఇంకోటి, కొంతమంది అలాస్కా చట్టంలో కంచె లేని ఖాళీ భూమిలోకి పోతే ట్రెస్‌పాస్ కాదని ఉంది అంటారు. ఉంది, కానీ బోర్డు పెట్టేదాకే. మీరు బోర్డు చూశారు.

యాంకరేజ్ సుబ్బు
అర్థమైంది అక్కా. సెప్టెంబర్‌లో నేల కాస్త గట్టిపడ్డాక పడమర గీత మీద నడిచి పోదామని ప్లాన్, ఫోర్‌వీలర్ లేకుండా. ఫోన్ జీపీఎస్ పట్టుకుని పోతే సరిపోతుందా?

సర్వే శంకర్
ఫోన్‌ల చెట్ల కింద ముప్పై అడుగుల దాక తప్పు సూపిస్తది, నీ ట్రెయిలే ఇరవై అయిదు. సర్వే మ్యాపుల మూలల దగ్గర ఇత్తడి టోపీ పెట్టిన పైపులు ఉంటయి, వాటి మీద నంబరు చెక్కుంటది. రెండు పైపులు దొరికితే కంపాస్‌తోని గీత పట్టుకోవచ్చు. పైపులు మాత్రం కదిలియ్యకు, అది ఫెడరల్ నేరం. బూట్లు మోకాళ్ళ దాక ఉన్నయి ఏస్కో.